ఘాట్ పైన ఆగిన లారీలు

మా కోడలి ఉద్యోగం తిట్లు చదవడం. ఎవరైనా అడిగితే నేను అలాగే చెప్తాను. అత్తగారిని కదా, వెటకారం చేస్తున్నాననుకుని నవ్వుతారు. కానీ నిజంగానే ఆ పిల్ల పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని సాయంత్రం దాకా తిట్లు చదువుతుంది. ఒక్కోదానికీ మర్యాదగా జవాబు రాస్తుంది. అందుకు జీతం ఇస్తారు.

ఒక కంపెనీ వాళ్ళు ఆట తయారుచేశారు. కంప్యూటర్లో ఆడుకునే లారీల ఆట. సరుకు ఎక్కించుకుని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తోలుకెళ్ళాలి. దారిలో వాన వస్తుంది, మంచు కమ్ముకుంటుంది, టైరు పంక్చరవుతుంది. ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు, ఎవరింట్లో వాళ్ళు కూర్చునే, ఒకే రోడ్డు మీద లారీలు తోలుతుంటారు. వాళ్ళంతా మాట్లాడుకోవడానికి ఒక గ్రూపు ఉంది. మన భాషవాళ్ళ గ్రూపుని చూసుకునేది మా కోడలు. కంపెనీ మాట వాళ్ళకి చెప్పాలి, వాళ్ళ మాట కంపెనీకి చేరవెయ్యాలి. గ్రూపులో ఆమె రాసిన ప్రతి మాట పక్కనా చిన్న నీలం చక్రం గుర్తు పడుతుంది. ఆ గుర్తు ఉందంటే కంపెనీయే మాట్లాడినట్టు.

"అయితే నువ్వు కండక్టరువన్నమాట" అన్నారు మా ఆయన, ఆమె ఆ పనిలో చేరిన కొత్తలో. ఆయన జీవితమంతా బస్సు తోలి రిటైరయ్యారు. "బండి లేటయితే తిట్లన్నీ కండక్టరుకే. డ్రైవరు అద్దంలో చూసి నవ్వుకుంటాడు."

"అవును మామయ్యా. చేతిలో టిక్కెట్లు లేని కండక్టర్ని" అంది.

దానికి మా అబ్బాయి కుర్చీలో వెనక్కి వాలి మరీ నవ్వాడు. అప్పటికింకా వాడున్నాడు.

పోయినేడు చలి మొదలైనప్పుడు వాడు పోయాడు. రక్తానికి సంబంధించిన జబ్బు. దాని గురించి ఇంతకన్నా రాయలేను, చెయ్యి ముందుకి సాగదు. వాడు పోయాక మా కోడలికి వాళ్ళమ్మ ఫోన్ల మీద ఫోన్లు చేసింది. "ఇంకా అక్కడేం చేస్తావే, వచ్చెయ్" అని. "నా బల్ల ఇక్కడుంది కదమ్మా" అంది మా కోడలు. నేనూ ఉండమనలేదు, వెళ్ళమనలేదు. మర్నాడు పొద్దున మామూలుగానే రెండు కప్పుల టీ పెట్టి, ఒకటి ఆ బల్ల మీద ఉంచాను.

మాది పై అంతస్తులో రెండు గదుల ఇల్లు. కింద అద్దాలు కోసే షాపు. రోజంతా గాజు మీద కత్తి గీసిన చప్పుడు, కాసేపటికి టప్పుమని విరిగిన చప్పుడు. బల్లకి అటుపక్క గోడకి ఆనించి మా అబ్బాయి కుర్చీ ఉంటుంది. అందులో ఎవరం కూర్చోం. మా ఆయన మాత్రం మర్చిపోయి దాని మీద చొక్కా పడేస్తారు. నేను తీసేస్తాను.

నేను ఐదో తరగతి దాకానే చదివాను. కూడబలుక్కుని చదవగలను. కూరలు తరుగుతూ మధ్యలో లేచి ఆ పిల్ల వెనక్కి వెళ్ళి నిలబడేదాన్ని. తమాషాగా ఉన్నవి తనే పైకి చదివి వినిపించేది.

"అత్తయ్యా, ఇది వినండి. 'మీ రోడ్ల మీద ఒక్క ఆవు కూడా అడ్డం రావడం లేదు, ఇదేం రోడ్డండీ' అంటున్నాడు ఒకాయన."

"పాపం, ఏ ఊరో."

"ఆయన కిందే ఇంకొకాయన. 'ఆవులెక్కువయ్యాయి, హారన్ కొట్టినా కదలవు, తక్షణం తీసెయ్యండి' అని."

"ఆయన ఆవుల్ని ఈయన వైపు తోలమను. ఇద్దరి గొడవా తీరిపోతుంది."

అప్పుడు నవ్వింది. వాడు పోయాక మా ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు. వంటింట్లో ఉన్న మా ఆయన ఏదో కిందపడిందనుకుని బయటికొచ్చారు.

అప్పటికి నాకు అర్థమైంది ఇంతే. ఒకే ఆట, కానీ ఎవరికి కావలసింది వాళ్ళకి. ఒకళ్ళకి తొందరగా గెలవాలి. ఒకళ్ళకి వానలో కిటికీ పక్కన కూర్చున్నట్టుండాలి. ఒకళ్ళకి అసలు ఇల్లు మర్చిపోతే చాలు. అందరికీ సరిపోయేట్టు ఎవడు చెయ్యగలడు? ఇంట్లో ముగ్గురున్నా కూరలో ఉప్పు ముగ్గురికీ సరిపోదు.

ఆ ఘాట్ రోడ్డు సంగతి ఒక పొద్దున మొదలైంది. ముందురోజే ఆమె టీం లీడరు ఒక ప్రకటన రాసి పంపాడు. ఉన్నదున్నట్టు గ్రూపులో పెట్టమన్నాడు. పెట్టేముందు ఆమె దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చుంది. నేను వెనకనుంచి చదివాను. 'మీ సౌకర్యం కోసం కొండ మీది పాత ఘాట్ రోడ్డుని తీసివేసి, తిన్నని సొరంగం వేశాము. ఇకపై మీ ప్రయాణం వేగంగా, హాయిగా సాగుతుంది.'

బానే ఉందిగా అనిపించింది నాకు. ఆమె మీట నొక్కింది. కాసేపటికి ఫోను బల్ల మీద కందిరీగలా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

'ముసలి గేరు' అని ఒకాయన ఉన్నాడు. ఆట మొదలైన దగ్గర్నుంచీ ఉన్నవాడు, గ్రూపులో పెద్దమనిషి లాంటివాడు. మామూలుగా మర్యాదస్తుడే. ఆ రోజు మాత్రం, "ఎవర్రా ఆ రోడ్డు తీసింది? కొండేమన్నా మీ తాత రాసిచ్చాడా?" అని మొదలెట్టాడు. ఆయన వెనకే మిగతావాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అందుకున్నారు. మా రోడ్డు మాకివ్వండి. మీ సౌకర్యం మీ దగ్గరే పెట్టుకోండి. ఒకడు, "నీలం చక్రం మేడమ్ గారూ, మీరు జన్మలో ఎప్పుడైనా స్టీరింగు పట్టుకున్నారా? ఆ ఘాట్ ఒక్కసారైనా దిగారా?" అని రాశాడు.

అది చదివి ఆ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

మధ్యలో 'మెరుపు' అని ఒకతను. "నాకు మాత్రం చాలా సంతోషం. పొద్దున ఒక షాపులో, సాయంత్రం ఇంకో షాపులో చేస్తాను. మధ్యలో అరగంట దొరుకుతుంది. ఆ ఘాట్ వల్ల ఇన్నాళ్ళూ ఒక్క లోడూ పూర్తిచెయ్యలేదు, సగంలోనే ఆపేసి పరిగెత్తాల్సొచ్చేది. కంపెనీకి థాంక్స్" అని రాశాడు.

ఇక చూడాలి. అందరూ ఇతని మీద పడ్డారు.

"అరగంటకి లారీ ఎందుకు నాయనా, సైకిల్ అద్దెకి తీసుకో."

"మీకు పనీ పాటా లేదు కాబట్టి రోజంతా కొండెక్కి కూర్చుంటారు."

"నోరు అదుపులో పెట్టుకో."

"నా నోరు నా ఇష్టం. రోడ్డు మీ అబ్బ సొత్తా?"

ఆ పిల్ల ఇద్దరికీ మర్యాదగా సర్దిచెప్తూ రాస్తోంది. 'మీ బాధ మాకు అర్థమైంది', 'మీ సూచనకి ధన్యవాదాలు'. అవి కంపెనీ నేర్పిన మాటలు. ఒక్కోటి రాస్తుంటే ఆమె మెడ ఇంకొంచెం కిందికి వంగుతోంది.

మా ఆయన టీ తాగుతూ వచ్చారు. సంగతి విని పకపకా నవ్వారు. "ఘాట్ తీసేస్తే ఏడుస్తున్నారా! వాళ్ళ దుంప తెగ, వాళ్ళనోసారి నిజం ఘాట్ మీదికి పంపమ్మా, వెనకాల యాభై మంది ప్రయాణికులతో. నాకెవడైనా సొరంగం వేసిపెడతానంటే ఆ ఇంజనీరు కాళ్ళకి మొక్కేవాణ్ణి."

మామయ్య మాటకి ఎప్పుడూ ఏదో ఒకటి తిరిగి అంటించే పిల్ల, ఆ రోజు తెర మీంచి తల తిప్పలేదు.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతోంది. "ఏముంది తల్లీ ఆ రోడ్డులో?" అని అడిగాను.

కంచం పక్కకి జరిపి చెప్పింది.

ఘాట్ పైన, దిగుడు మొదలయ్యేచోట, ఒక టీ కొట్టు బొమ్మ ఉండేదట. అక్కడ టీ ఏమీ దొరకదు, ఉత్త బొమ్మే. కొత్తగా ఆటలోకి వచ్చినవాళ్ళకి ఆ దిగుడు చేతకాదు. మలుపుల్లో బోల్తా కొట్టేవాళ్ళు, సరుకంతా లోయలో. అందుకని పాతవాళ్ళు ఆ కొట్టు దగ్గర లారీలు ఆపుకుని వచ్చేవాళ్ళ కోసం చూసేవాళ్ళట. కొత్తవాడు వచ్చి లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తే, పాతవాడు ముందు కదులుతాడు. నెమ్మదిగా దిగుతాడు. ప్రమాదపు మలుపు రాబోతుంటే ముందే ఎడమ ఇండికేటరు వేస్తాడు. వెనకవాడు అది చూసి బ్రేకు మీద కాలు పెడతాడు. కిందికి చేరాక పాతవాడు ఒక్కసారి హారన్ కొట్టి, బండి తిప్పుకుని మళ్ళీ కొండెక్కుతాడు. దీనికి ఆటలో మార్కుల్లేవు, బహుమతుల్లేవు. కంపెనీ పెట్టిన పద్ధతే కాదు. వాళ్ళలో వాళ్ళే ఎప్పుడో మొదలెట్టుకున్నారు.

"నేను కొత్తల్లో వరసగా బోల్తా కొట్టేదాన్ని అత్తయ్యా. ఒకరోజు పైన ఒకే ఒక్క లారీ ఉంది. లైట్లు వేశాను. ముందు కదిలింది. ఎంత నెమ్మదంటే, నాకే విసుగొచ్చింది. కింద హారన్ కొట్టి వెళ్ళకుండా, 'టీ తాగుతావా' అని రాశాడు. ఏ టీ, బొమ్మ కొట్టేగా అన్నాను. 'అయితే నిజం టీ తాగుదాం, ఏ ఊరు మీది' అన్నాడు."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఫోన్లో పరిచయం అని మాత్రం చెప్పాడు వాడు మాకు. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు.

"వాడా?" అన్నారు మా ఆయన. గుమ్మంలో నిలబడి వింటున్నారని మేం చూడలేదు. "మలుపు కనపడితే చాలు, కక్కేసేవాడు కదే వాడు! సెలవుల్లో నా బస్సులో ముందు సీటులో కూర్చోబెడితే ఘాట్ దిగేదాకా నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునేవాడు. నేనే జేబులో పెట్టి ఇచ్చేవాణ్ణి. వాడు ఇంకోళ్ళని దింపడమేంటి?"

"ఆటలో ఆయన పేరు అదే మామయ్యా."

"ఏది?"

"నిమ్మకాయ."

ఆయన నవ్వబోయారు. ఆ నవ్వు సగంలో ఏదోలా అయిపోయింది. గోడవైపు తిరిగి, లేని మేకుకి చేతిలోని చొక్కా తగిలించబోయి, అది కిందపడితే తియ్యకుండా లోపలికెళ్ళిపోయారు.

"మరి కంపెనీకి చెప్పలేకపోయావా, అలాంటి రోడ్డు తియ్యొద్దని?" అన్నాను.

"వాళ్ళు తీసింది నేను పంపినవి చూసే అత్తయ్యా." ఆమె గొంతులో ఏడుపు కూడా లేదు. "ఎవరెవరు ఏమేం ఫిర్యాదు చేస్తున్నారో వారం వారం నేనే పంపాలి. ఘాట్ కష్టంగా ఉందని కొత్తవాళ్ళు రాసేవాళ్ళు. పంపేదాన్ని. ఘాట్ బాగుందని ఎవరూ రాయలేదు. హాయిగా ఉన్నవాళ్ళు ఫిర్యాదు ఎందుకు రాస్తారు? ఇంకోటి, కంపెనీ వాళ్ళకి ఏ లారీ ఎక్కడుందో కనపడుతుంది. కొండ పైన ఎప్పుడు చూసినా లారీలు ఆగిపోయి ఉన్నాయి. జనం విసుగెత్తి అక్కడే ఆట వదిలేస్తున్నారనుకున్నారు. ఆ లారీల వాళ్ళు ఎవరికోసమో ఆగారని కంపెనీకేం తెలుసు."

"నీకు తెలుసుగా" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

"తెలుసు" అంది. "ఆయన పోయాక నేను ఆట తెరవలేదు. ఆ రోడ్డు పేరు ఎక్కడైనా కనపడితే గబగబా కింది వరసకి వెళ్ళిపోయేదాన్ని."

కంచం అలాగే తీసుకెళ్ళి కడిగేసింది.

పొరపాటు జరిగింది మర్నాడు. ఆమె కంప్యూటర్లో రెండు పేర్లున్నాయి. ఒకటి కంపెనీది, నీలం చక్రం ఉన్నది. రెండోది తను సొంతంగా ఆడుకునే రోజుల్లోది, 'పిట్ట'. ఒక పేరులోంచి ఇంకో పేరులోకి మారడానికి మూలన చిన్న మీట ఉంటుంది. తిట్లు చదివీ చదివీ, కంపెనీ మాటలు రాసీ రాసీ, ఇక తట్టుకోలేక, పిట్టగా నాలుగు మాటలు రాసుకుందామనుకుంది. ఆ మీట నొక్కాననుకుంది. నొక్కలేదు.

'నేను పిట్టని. నన్ను ఆ ఘాట్ దింపింది నిమ్మకాయ. మీలో చాలామందిని దింపింది కూడా తనే. తను చనిపోయాడు. ఆ రోడ్డు తీసేస్తుంటే వద్దని చెప్పాల్సిన దాన్ని, చెప్పలేదు. నాకూ ఆ రోడ్డు కావాలి.'

నేను టీ పట్టుకెళ్ళేసరికి ఆమె తెర వంక చూస్తూ బిగుసుకుపోయి ఉంది. ఆ మాటల పక్కన నీలం చక్రం. గబగబా చెరిపేసింది. కానీ అప్పటికే ఫోటోలు తీసేశారు. ఆ ఫోటోలు గ్రూపంతా తిరుగుతున్నాయి.

ముందు కొంతమంది, "నిమ్మకాయ పోయాడా?", "అందుకేనా ఇన్నాళ్ళుగా పైన కనపడటం లేదు", "నన్ను వానలో దింపాడు, పేరడిగితే చెప్పకుండా వెళ్ళిపోయాడు" అని రాశారు. నేను కూడబలుక్కుంటూ ఒక్కొక్కటే చదివాను. మా వాడు నాకు తెలియకుండా ఇంతమందికి తెలుసు.

అది కాసేపే. తర్వాత ముసలి గేరు అందుకున్నాడు. "చూశారా, కంపెనీ మనిషే ఒప్పుకుంది! రోడ్డు తిరిగి వేసేదాకా ఎవరూ లారీ కదపొద్దు." అంతే, ఆమె రాసిన మాటలని పెద్ద పెద్ద అక్షరాలతో తమ లారీల వెనక రాసుకున్నారు. ఆటలో అలా రాసుకోవచ్చట. 'నాకూ ఆ రోడ్డు కావాలి - కంపెనీ' అని. మధ్యలో ఉన్న మా వాడి పేరు తీసేశారు, వరస పొడుగైపోతుందని కాబోలు.

ఇంకొకడు, "ఇదంతా నాటకం. జాలి కోసం ఒక చావుని పుట్టించారు. నిమ్మకాయ అనేవాడు కంపెనీ మనిషే అయ్యుంటాడు" అని రాశాడు.

మెరుపు కూడా రాశాడు. "నిమ్మకాయ గారి గురించి విని బాధేసింది. కానీ నిజం చెప్పండి, మీ బాధ కోసం నేను రోజూ ఆ కొండ దిగాలా? నాకున్నదే అరగంట."

దాన్ని ఆమె మళ్ళీ మళ్ళీ చదివింది. "పోనీలే తల్లీ, బుద్ధిలేనివాడు" అన్నాను.

"లేదత్తయ్యా. ఇతనడిగిన దాంట్లో తప్పులేదు."

సాయంత్రం కాకముందే టీం లీడరు ఫోను. ఫోను బల్ల మీదే ఉంచి స్పీకరు పెట్టింది, నాకూ వినపడింది. అతను చెడ్డవాడేం కాదు, కుర్రాడు. అతని వెనక ఎవరో అతన్ని తొందరపెడుతున్నట్టుంది.

"మేడమ్, మీ ఇంట్లో జరిగింది నాకు తెలుసు. అందుకే సులువైన దారి చెప్తున్నాను. ఆ మెసేజ్ మీరు పెట్టలేదు. ఎవరో మా అకౌంటు హ్యాక్ చేసి పెట్టారు. అందులో ఉన్నదంతా కట్టుకథ, ఆ పేరుగల మనిషెవరూ లేరు. ఇలా రాసి, చక్రం గుర్తుతో పెట్టేయండి. అక్కడితో సరి."

"లేరు అని రాయాలా సార్?"

"మేడమ్, మీరు ప్రతి మాటా పట్టుకుంటే ఎలా? అలా రాస్తే ఎవరికైనా నష్టమా చెప్పండి. రాయకపోతే మిమ్మల్ని గ్రూపులోంచి తీసేస్తారు. అసలు ఉంచుతారో లేదో కూడా నేను చెప్పలేను. రేపు మధ్యాహ్నం దాకా టైమిప్పించాను."

ఫోను పెట్టేసేసరికి మా ఆయన కూడా వచ్చి కూర్చున్నారు. కింద షాపులో గాజు గీస్తున్నారు.

"రాసిచ్చెయ్యమ్మా" అన్నారు మా ఆయన. "ఇలాంటి రిపోర్టుల మీద డిపోలో నేనెన్ని సంతకాలు పెట్టానో. బండికి దెబ్బ తగిలితే గొర్రె అడ్డమొచ్చిందని రాయమంటే రాశాం, గొర్రె లేకపోయినా. కాగితం మీద రాసినంత మాత్రాన ఉన్నవాడు లేకుండా పోతాడా?"

అనేశాక ఆ మాట ఆయనకే తగిలింది. ఉన్నవాడు ఎక్కడున్నాడు?

"మీరేమంటారు అత్తయ్యా?"

నాకూ రాసెయ్యమని చెప్పాలనే ఉంది. మా ఆయన పెన్షనూ, ఆమె జీతమూ కలిస్తేనే ఇల్లు నడిచేది. పైగా ఆ పని పోతే ఆ బల్ల పోతుంది. బల్ల లేకపోతే ఆ పిల్ల ఈ ఇంట్లో ఎందుకుంటుంది? అయినా వానలో దింపాడని రాసినవాడి మాట గుర్తొచ్చింది.

"నాకు తెలీదు తల్లీ. కానీ వాడు లేనేలేడని నువ్వు రాస్తే, వాడు దింపినవాళ్ళు కూడా అది చదువుతారు కదా" అన్నాను.

ఆమె తలూపింది. ఔననో కాదనో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, మామూలుగానే కూర్చుంది. ఇలా రాసింది. నాకు వినిపించి మరీ పెట్టింది.

'నిన్నటి మాటలు కంపెనీవి కావు, నావి. పొరపాటున ఈ గుర్తుతో వచ్చాయి. ఘాట్ తిరిగి వేస్తామని కంపెనీ చెప్పలేదు. వేస్తుందని నేనూ అనుకోవడం లేదు. నా మాటల్ని లారీల మీద రాసుకున్నవాళ్ళు దయచేసి తీసెయ్యండి. అరగంటే ఖాళీ ఉన్నవాళ్ళకి సొరంగం మంచిదే, దానికి వాళ్ళని తిట్టకండి. నిమ్మకాయ నిజంగానే ఉండేవాడు. ఇప్పుడు లేడు.'

ఇది చదివి ఎవరికైనా మనసు కరుగుతుందని నేను ఆశపడ్డాను. అబద్ధమెందుకు.

పాతవాళ్ళు, "అమ్ముడుపోయింది, సొరంగానికి వత్తాసు పలుకుతోంది" అన్నారు. కొత్తవాళ్ళు, "మధ్యలో ఈ ఏడుపు గోల మాకెందుకు, ఆటలో వాన మరీ ఎక్కువైంది, ఆ సంగతి చూడండి" అన్నారు. ముసలి గేరు ఒక్క ముక్క రాశాడు. "అమ్మా, నువ్వు మా వైపుంటావనుకున్నాను." అదే ఆయన ఆఖరి మాట. ఆట వదిలేసి వెళ్ళిపోయాడు, ఆయనతోపాటు ఇంకా చాలామంది. మెరుపు ఏమీ రాయలేదు. అతనికి అది షాపు టైము అయ్యుంటుంది.

మధ్యాహ్నం ఆమె చూస్తుండగానే పేరు పక్క నీలం చక్రం మాయమైంది. దీపం ఆర్పినట్టు.

ఉద్యోగం మాత్రం పూర్తిగా పోలేదు. టీం లీడరు ఎవరి కాళ్ళో పట్టుకున్నట్టున్నాడు. ఇప్పుడు ఆటకి డబ్బు కట్టడంలో ఇబ్బంది పడేవాళ్ళకి జవాబులు రాస్తుంది. పేరు లేదు, ఒక నంబరు. ముందే రాసిపెట్టిన జవాబుల్లో ఒకటి ఎంచి పంపడమే. తిట్లు లేవు. ఆవులు లేవు. నేను వెనక నిలబడితే పైకి చదవడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదు. జీతం కూడా తగ్గింది. బల్ల మాత్రం అక్కడే ఉంది. పొద్దున టీ పెట్టి దాని మీద ఉంచేటప్పుడు, ఆమె ముందే కూర్చుని ఉందా లేదా అని ముందు చూసుకుంటున్నాను.

మొన్న ఆమె సెలవు రోజు, మా ఆయన వచ్చి, "ఏమమ్మా, ఆ సొరంగం ఎలా ఏడ్చిందో చూపించు" అన్నారు. నిలబడే చూస్తారనుకున్నాను. గోడకి ఆనించిన కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని అందులో కూర్చున్నారు. ఆమె పిట్ట పేరుతో ఆట తెరిచింది.

కొండ ఉంది. పైకెళ్ళే దారి లేదు, టీ కొట్టు లేదు. కొండకి పెద్ద కన్నం, నోరు తెరుచుకుని. ఆ నోటి ముందు ఆమె లారీ పక్కకి కూడా తియ్యకుండా ఆపేసింది. ఎందుకాపిందో తనకీ తెలిసినట్టు లేదు. లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించింది. ముందు ఎవరూ లేరు.

వెనక నుంచి హారన్. అద్దంలో ఇంకో లారీ, దాని మీద పేరు. మెరుపు.

"అడ్డం తియ్యండి, లేటవుతోంది" అని తెర మీద అక్షరాలు పడ్డాయి.

"వీడెవడు, వీడి హారన్‌కి తుప్పు పట్టా!" అన్నారు మా ఆయన.

అతనికి ఈమె పేరు అప్పుడు కనపడినట్టుంది. హారన్ ఆగిపోయింది. ఇంకేమీ రాయలేదు, ముందుకీ రాలేదు. ఊరికే ఆగి ఉన్నాడు.

"ఉండనీ, కాసేపు ఆగితే ఏం పోయింది" అన్నారు మా ఆయన.

"అతనికి అరగంటే ఉంటుంది మామయ్యా" అంది. ఎడమ ఇండికేటరు వేసి, లారీని అంచుకి తీసింది. మెరుపు లారీ పక్కనించి వెళ్ళి కన్నంలో దూరిపోయింది. హారన్ కొట్టలేదు.

తర్వాత మేమూ వెళ్ళాం. గోడలకి పచ్చటి దీపాలు, అన్నీ ఒకే రకం. రోడ్డు స్కేలు పెట్టి గీసినట్టుంది. ఆమె స్టీరింగు కదపనే లేదు. నేను చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకునేసరికి వెలుగొచ్చేసింది, అవతల మైదానం.

"ఇంతేనా?" అన్నారు మా ఆయన.

"ఇంతే."

ఆయన ఆ కుర్చీలోంచి లేవలేదు. వెనక్కి, మేం వచ్చిన కన్నం వైపు వేలు చూపించారు.

"దీన్లో అయితే వాడికి నిమ్మకాయతో పనే ఉండేది కాదు" అన్నారు.

ఆమె ఇండికేటరు ఆపడం మర్చిపోయినట్టుంది. అది టిక్కు టిక్కుమంటూనే ఉంది.